కొత్త పడవ చప్పుళ్లు

టాల్బట్ రేవులో పడవ గురించి సెల్బీ పార్డీ ఒక మాట అన్నాడంటే ఇక దానిమీద రెండో మాట ఉండేది కాదు. రేపటి వాన గురించి ఆయన చెప్పింది ఎన్నడూ నిజమైన పాపాన పోలేదు. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో చెప్పి ఓడిన పందేలు తలుచుకుని ఊరంతా నవ్వుకునేది. పడవ దగ్గర మాత్రం అందరూ నోరు మూసుకుని వినేవారు.

ఆ తీరంలో ఎవరు కొత్త పడవ కట్టించినా నీళ్లలోకి దింపే ముందు వయసులో పెద్దవాడైన మేస్త్రిని పిలుచుకొస్తారు. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపులతో అక్కడక్కడ కొట్టి చూసి, ఏదో ఒక మాట అంటాడు. బాగుందంటే దించుతారు, పెదవి విరిస్తే దించరు. కాగితాలూ సంతకాలూ ఉండవు. సెల్బీకి డెబ్బై నాలుగేళ్లు. పదిహేనేళ్లుగా ఆ పెద్ద మేస్త్రి ఆయనే. చుట్టరికం ఉన్నా లేకపోయినా అందరికీ ఆయన సెల్బీ మామ.

అందుకే ఆ మే నెలలో లయల్ ఆయన్ని అడిగాడు.

లయల్ బయటివాడు. మూతపడిన చేపల ఫ్యాక్టరీ షెడ్డు అద్దెకు తీసుకుని, సముద్రం అడుక్కి మనుషుల్ని తీసుకెళ్లే పడవ ఒకటి కట్టాడు. తీరానికి దూరంగా, నేల ఒక్కసారిగా లోతుకు జారిపోయే చోట, మూడు వేల మీటర్ల కింద పగడపు తోటలున్నాయి. ఎండ ఎరగని ఆ తోటల్ని చూడాలని ముచ్చటపడే వాళ్లు లోకంలో బాగానే ఉన్నారు. పడవకి ఆయన ఏదో గ్రీకు దేవత పేరు పెట్టాడు. ఊళ్లో వాళ్లు మాత్రం దాన్ని పీపా అనేవారు. చూడటానికి పీపాలాగే ఉండేది. వెంట్రుకకంటే సన్నని కార్బన్ దారాలను జిగురులో ముంచి, అరచేయంత మందాన చుట్టలు చుట్టి చేసిన గొట్టం, రెండు కొసలా లోహపు మూతలు. లోపల అయిదుగురు కూర్చోవచ్చు. ఒడ్డున అది కూర్చునే చెక్క దిమ్మ, లోపలి బల్లలు సెల్బీ చేసిపెట్టినవే. దాన్ని నడిపేది ఆయన తమ్ముడి కొడుకు లియాండర్. తండ్రి పోయాక సెల్బీ దగ్గరే పని నేర్చుకుని పెరిగినవాడు.

మనుషుల్ని ఎక్కించే ముందు పీపాని పరీక్షకు దించడం మొదలుపెట్టారు. ప్రతిసారీ కాస్త ఎక్కువ లోతుకి, లియాండర్ ఒక్కడే. గొట్టానికి లోపల అంటించిన పరికరాలు అది చేసే ప్రతి చప్పుడునీ కాగితపు చుట్ట మీద గీతగా గీసేవి. ఆ గీతలు చదివేది మైరా టూప్ అనే ఇంజనీరు. ముప్పై దాటి నాలుగైదేళ్లుంటాయి. మాట తక్కువ. ఎవరైనా హాస్యమాడితే నవ్వాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించే మనిషి.

మొదటిసారి వెయ్యి మీటర్లు దిగినప్పుడు గొట్టం టక్ టక్ మంటూనే ఉంది. రెండోసారి ఎనిమిది వందల దగ్గరే మొదలైంది. టీ వేళకి అందరూ షెడ్డులో చేరారు. పైకి వచ్చిన లియాండర్ మొహంలో రంగు లేదు. "ఎవరో బయట నిలబడి పుల్లలు విరుస్తున్నట్టుంది" అన్నాడు. ఒకడు దగ్గాడు. ఇంకొకడు కప్పు కడగటానికని లేచి కడగకుండా నిలబడ్డాడు.

లయల్ సెల్బీ వైపు తిరిగాడు. "స్కిప్పర్, అరవయ్యేళ్లు పడవలు కట్టినవాడివి. నువ్వు చెప్పు. కొత్త పడవ చప్పుడు చేస్తుందా, చెయ్యదా?"

"చప్పుడా? ఏడుస్తుంది" అన్నాడు సెల్బీ. అందరి మొహాలూ తన వైపు తిరగడం ఆయనకు బాగానే అనిపించింది. "చెక్కలు నీళ్లు తాగి ఉబ్బుతాయి. ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కిర్రుమంటుంది, టకటకమంటుంది, కారుతుంది కూడా. వారం పోనిస్తే ఎవరి చోట్లో వాళ్లు సర్దుకుంటారు. ఆ తరవాత నోరెత్తదు."

"మా ఆవిడ ఇరవయ్యేళ్లయినా సర్దుకోలేదు మామా" అన్నాడు వెల్డింగు పనివాడు.

"నిన్ను కట్టినవాడు సరిగ్గా కట్టుంటే సర్దుకునేదేరా."

షెడ్డంతా నవ్వింది. లయల్ కూడా నవ్వి, "అయితే మన పీపా కూడా సర్దుకుంటోందంటావు" అన్నాడు.

"సర్దుకుంటోంది. సర్దుకోనివ్వండి."

"అది చెక్క సెల్బీ గారూ" అంది మైరా, వెనకనుంచి. "ఇది చెక్క కాదు."

"నీళ్లు మాత్రం అవే నీళ్లు కదా మైరా" అన్నాడు లయల్. మళ్లీ నవ్వులు. సెల్బీ కూడా నవ్వాడు. లియాండర్ మొహంలోకి రంగు తిరిగి రావడం ఆయన చూశాడు. పాపం, ఆ పూటకి అదే పెద్ద మేలు చేసినట్టు తోచింది.

జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం మైరా ఆయన ఇంటి తలుపు తట్టింది. చంకలో కాగితపు చుట్ట ఉంది. శనివారం కాబట్టి పొయ్యి మీద బఠాణీ పులుసు ఉడుకుతోంది. భార్య ఊనా పోయి ఆరేళ్లయినా సెల్బీ ఇద్దరికి సరిపడా వండటం మానుకోలేకపోయాడు. ఎవరో ఒకరు రాకపోరు అనేవాడు. నిజంగానే ఎవరో ఒకరు వచ్చేవారు.

"కూర్చో అమ్మాయ్. తిన్నావా?"

"నన్ను సోమవారం నుంచి పనికి రావద్దన్నారు" అంది మైరా.

"అది సరే. తిన్నావా అని అడిగాను."

ఆమె తినలేదు. ఉదయం నుంచి తినలేదని మొదటి చెంచాకే తెలిసిపోయింది. సెల్బీ రెండోసారి వడ్డించి, ఆమె ఆ గిన్నె ముగించేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తినేవాళ్లని చూస్తూ ఉంటే ముద్ద దిగదు.

"రేపు పొద్దున్న పీపాని తీసుకుని ఓడ బయలుదేరుతోంది. ముగ్గురు ప్రయాణికులు. మూడు వేల మీటర్లు. లియాండర్ భార్య కూడా వెళ్తోందట, ఒక సీటు ఖాళీగా ఉందని" అంది మైరా.

"వెర్నా. అవును, నెలరోజులుగా సంబరపడుతోంది."

మైరా గిన్నె పక్కకు జరిపి కాగితం పరిచింది. బల్ల చాలక రెండో కొస సెల్బీ పట్టుకున్నాడు. "లెక్కలు చెప్పను. ఒక్కటే అడుగుతాను. సర్దుకునే పడవ రోజురోజుకీ చప్పుడు తగ్గిస్తుందా, పెంచుతుందా?"

"తగ్గిస్తుంది."

"ఇది మొదటిసారి దిగినప్పుడు. ఇది రెండోసారి. ఎనిమిది వందల దగ్గర మొదలైంది. నాలుగోసారి, ఆరు వందలు. ఏడోసారి చూడండి. పోయిన వారం. నాలుగు వందలు."

సెల్బీ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. గీతలు ప్రతి వరసలోనూ కొంచెం ఎడమకి, తక్కువ లోతు వైపుకి, జరుగుతూ వచ్చాయి. చివరి వరసలో గడ్డి మొలిచినట్టు ఒత్తుగా ఉన్నాయి.

"ఒక్కో గీతా ఏమిటమ్మాయ్?"

"ఒక దారం తెగిన చప్పుడు. లేదా జిగురు విడిన చప్పుడు. తెగిందేదీ మళ్లీ అతుక్కోదు. ఉబ్బటానికి ఇందులో చెక్క లేదు."

ఆయన కాగితం కొస వదిలేశాడు. ఎడమ చేతికి చిటికెన వేలు ఉండాల్సిన చోట కుడి చేత్తో రుద్దుకుంటూ కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ల వయసులో ఓడని ఒడ్డుకు లాగి కట్టే మోకు ఒకటి తెగి, ఆ వేలిని తీసుకుపోయింది.

"మోకు" అన్నాడు చివరికి.

"ఏమిటండీ?"

"కొత్త మోకుకి మొదటిసారి బరువు తగిలితే టిక్కు టిక్కు మంటుంది. పోగులు ఒత్తుకుంటాయి, ఒకటీ అరా తెగుతాయి. ఫరవాలేదు. ఆ తరవాత అంత బరువు దాకా నోరెత్తదు. ఒక రోజు, నిన్న మోసిన బరువులో సగానికే మాట్లాడిందనుకో, ఇక దాన్ని కోసి ముక్కలు చేసి పడవ గట్టుకు రాసుకోకుండా పక్కకి దిండ్లుగా కట్టుకోవాల్సిందే. దాని దగ్గర ఎవరూ నిలబడరు. మా నాన్న నాకు మొదట నేర్పింది అది." ఆయన కళ్లద్దాలు తీశాడు. "నేను చెక్క అనుకున్నాను. ఇది మోకు. దారాలే కదా చుట్టారు. నా చేతుల్తో తడిమి కూడా చెక్క అనుకున్నాను."

"మా పుస్తకంలో ఇదే నాలుగు పేజీలుంది" అంది మైరా మెల్లగా.

"మే నెలలోనే నన్ను నిలదీయలేకపోయావా?"

"అందరూ నవ్వుతున్నారు సెల్బీ గారూ."

ఆయన టోపీ తీసుకున్నాడు. పొయ్యి ఆర్పడం మరిచిపోతే మైరా ఆర్పింది.

రేవులో ఓడ మీదికి పీపాని ఎక్కించేశారు. ప్రయాణికులు గట్టు మీద నిలబడి ఒకరినొకరు ఫోటోలు తీసుకుంటున్నారు. అందులో ఒకాయన బడిపంతులు, కొత్త ఉన్ని టోపీ పెట్టుకుని, ఎదురుపడ్డ ప్రతివాడికీ నమస్కారం చెబుతున్నాడు. సెల్బీకి కూడా చెప్పాడు. సెల్బీ తిరిగి చెప్పి, లయల్ ని పక్కకు పిలిచాడు.

"నేను మే నెలలో ఒక మాటన్నాను. అది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పీపా సర్దుకోవడం లేదు, విడిపోతోంది. దాన్ని దించొద్దు."

లయల్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మైరా వచ్చిందా మీ ఇంటికి?"

"వచ్చింది. వచ్చి మంచిపని చేసింది."

"తెలివైన పిల్ల. కానీ భయస్థురాలు. భయపడేవాళ్ల మాట వింటే నీ తాతలు ఈ రేవు దాటేవాళ్లా స్కిప్పర్?"

"మా తాతలు పుచ్చిన మోకు వాడలేదయ్యా."

"చూడు, మొదట తోచిందే అసలు మాట. తరవాత వచ్చేదంతా రాత్రిళ్లు నిద్రపట్టక వచ్చేది." లయల్ చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ప్రయాణికులకి ఇచ్చేది. మొదటి పేజీలోనే సెల్బీ బొమ్మ, దానికింద అచ్చులో ఆయన మాట: సర్దుకుంటోంది, సర్దుకోనివ్వండి. "వీళ్లంతా ఇది చదివే సంతకం పెట్టారు. ఇప్పుడు వెళ్లి ఆయన బుద్ధి మారిందని చెప్పమంటావా?"

"చెప్పమనే అంటున్నాను."

లయల్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. పిల్లవాడు పెద్ద మాటంటే నవ్వే నవ్వు. ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

లియాండర్ ఓడ మెట్ల దగ్గర దొరికాడు. సెల్బీ అంతా చెప్పాడు, మోకుతో సహా. లియాండర్ చేతిలో ఉన్న తాడు చుట్టడం ఆపి విన్నాడు. నలభై ఏళ్లవాడు, తండ్రిలాగే చెవులు కాస్త పెద్దవి.

"ఇప్పుడా పెదనాన్నా చెప్పడం?"

"ఇప్పుడే తెలిసిందిరా."

"ఎంత గట్టిగా తెలుసు?"

"అలాంటి మోకు దగ్గర నిన్ను నిలబడనివ్వనంత గట్టిగా."

లియాండర్ నీళ్ల వైపు చూశాడు. "నేను ఎక్కనంటే హాలిఫాక్స్ నగరం నుంచి వచ్చిన కొత్త పైలట్ కుర్రాడు ఎక్కుతాడు. వాడికి చప్పుళ్లు తెలియవు. నాకు తెలుసు. పాడుగా వినపడితే నేను పైకి తెచ్చేస్తాను."

"తెచ్చేంత వ్యవధి ఇవ్వదురా మోకు."

"ఆలోచిస్తాను" అన్నాడు లియాండర్. తరవాత, చిన్నప్పుడు ఉలి పాడుచేసి తిట్లు తిన్నప్పుడల్లా అన్నట్టే, "ఇంటికెళ్లి పడుకో పెదనాన్నా" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఓడ వెళ్లింది. వెర్నా వెళ్లలేదని సెల్బీకి సాయంత్రం దుకాణంలో తెలిసింది. ఎందుకు వెళ్లలేదో ఎవరూ చెప్పలేదు. ఆయన అడగలేదు.

మంగళవారం పదకొండు గంటల వేళ పీపా పదిహేడు వందల మీటర్ల దగ్గర ఉండగా ఓడతో మాట ఆగిపోయింది. ఆరు రోజులు వెతికారు. ఏడో రోజు అడుగున ముక్కలు కనిపించాయని రేడియోలో చెప్పారు. నలుగురు. లియాండర్, బడిపంతులు, అన్నదమ్ములు ఇద్దరు. ఆ మధ్యాహ్నం టాల్బట్ రేవులో ఏ పడవా కదలలేదు. వెర్నా ఇంటి వరండా మీద ఎవరెవరో తెచ్చిపెట్టిన రొట్టెలూ కేకులూ గిన్నెలూ వరసగా నిండిపోయాయి. తలుపు కొట్టకుండానే పెట్టి వెళ్లారు. ఆమె మాట్లాడాల్సిన పని లేకుండా.

విచారణ నవంబరులో, రాజధానిలో. సెల్బీని రమ్మని కాగితం వచ్చింది, వెర్నాకీ వచ్చింది. నాలుగు గంటల దారి. ఆమె కారు నడిపింది.

రెండు గంటలు ఇద్దరూ దుప్పుల గురించే మాట్లాడారు. ఆ దారిలో అవి చీకటి పడితే రోడ్డు మీదికొస్తాయి. తరవాత వెర్నా ఉన్నట్టుండి, "మామయ్యా, ఎవరికీ చెప్పనిది ఒకటుంది" అంది.

"చెప్పు తల్లీ."

"ఆ శనివారం సాయంత్రం నేను సంచీ సర్దుకుని ఓడెక్కాను. ఆయన నన్ను చూసి మండిపడ్డాడు. అందరి ముందూ. ఇది పని చేసే చోటు, చర్చి పిక్నిక్ కాదు, దిగు అన్నాడు. బరువు ఎక్కువైందన్నాడు. నా బరువు ఎంతో తెలుసా అన్నాడు. పదహారేళ్ల కాపురంలో నన్నెప్పుడూ అంత మాట అనలేదు." ఆమె చూపు రోడ్డు మీదే ఉంది. "దిగి వచ్చేశాను. తెల్లారి ఓడ వెళ్తుంటే కిటికీ దగ్గరికి కూడా వెళ్లలేదు. వెళ్లేవాళ్లని కనుమరుగయ్యేదాకా చూడకూడదంటారు కదా. నేను అసలు చూడనే లేదు. ఆయన గట్టు వైపు చూశాడేమో. నేను లేను."

నాలుగు నెలలుగా సెల్బీని తొలిచేస్తున్నది ఒక్కటే. రేవులో తను వెనక్కి తీసుకున్న మాట లియాండర్ చెవిదాకానే వెళ్లిందా, లోపలికి కూడా వెళ్లిందా అని. ఇప్పుడు జవాబు పక్కసీటులో కూర్చుని కారు నడుపుతోంది.

చెప్పకుండా ఉండొచ్చు. చెబితే ఆమెకి భర్త ప్రేమ తిరిగి వస్తుంది. దాంతోపాటు ఇంకొకటి కూడా వస్తుంది.

"కారు ఒక పక్కకి ఆపమ్మా" అన్నాడు.

ఆమె ఆపింది. ఆయన శనివారం సంగతి మొత్తం చెప్పాడు. పులుసు దగ్గర్నుంచి, ఇంటికెళ్లి పడుకో అన్నదాకా. వెర్నా స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని విన్నది. పక్కనుంచి లారీలు వెళ్లినప్పుడల్లా కారు ఊగింది.

"అంటే మీరు చెప్పిన తరవాతే నన్ను దించాడు."

"రెండు గంటలు కూడా అయ్యుండదు."

"నమ్మాడు."

"నమ్మాడు తల్లీ."

ఇంకో లారీ దాటిపోయాక, "నమ్మి, ఆ ముగ్గురినీ తీసుకెళ్లాడు" అంది.

చప్పుడు వినగానే పైకి తెచ్చేస్తానని లియాండర్ అనుకున్నాడని సెల్బీ చెప్పొచ్చు. అది నిజమే. కానీ ఆ నిజం ఆ ముగ్గురి ఇళ్లలో ఎందుకూ పనికిరాదు.

"రేపు అక్కడ అడుగుతారు, ఎవరికి చెప్పావని" అన్నాడు. "నేను వాడి పేరు చెప్పాలి. నీ సంగతి మాత్రం చెప్పను. అది నీది."

వెర్నా ముక్కు తుడుచుకుని కారు తీసింది. హోటల్ దగ్గర ఆయన సంచీ తనే మోసి పైకి తెచ్చి పెట్టింది.

హాలు నిండిపోయింది. విచారణ జరిపేది రిటైరైన జడ్జి, సన్నటి మనిషి, శాలువా కప్పుకుని ఉంది. మైరా ముందురోజే సాక్ష్యం చెప్పిందట. ఆమె కాగితపు చుట్ట గోడకి అంటించి ఉంది. కంపెనీ వకీలు లేచి, ఆ చిన్న పుస్తకం మొదటి పేజీ సెల్బీ ముందు పెట్టాడు.

"ఈ మాట మీదేనా?"

"నాదే."

"మీ తీరంలో పడవల గురించి మీ మాటకి విలువ ఉందని ఒప్పుకుంటారా?"

"ఉండేది."

"అలాంటి మేస్త్రి మాట నమ్మి కంపెనీ ముందుకు వెళ్లింది. అంతేగా?"

"మే నెలలో అంతే. జూలైలో కాదు." సెల్బీ శనివారం గురించి చెప్పాడు. తొందరపడకుండా, ఏదీ మిగల్చకుండా. చెక్కకీ మోకుకీ తేడా చెప్పేటప్పుడు జడ్జి కలం పక్కన పెట్టి విన్నది.

వకీలు వేచి చూసి అడిగాడు. "మాట వెనక్కి తీసుకున్నట్టు ఎక్కడైనా రాసి ఉందా?"

"లేదు."

"ఇంత పెద్ద విషయం. రాసి ఎందుకివ్వలేదు?"

"మొదటిది మాత్రం రాసిచ్చానా బాబూ? టీ తాగుతూ నోటితో అన్నాను. అప్పుడు నోటిమాటే చాలింది కదా."

లయల్ మూడో వరసలో ఉన్నాడు. తల వంచుకుని గోళ్లు చూసుకుంటున్నాడు. మనిషి సగమైపోయాడు. ఆయన్ని చూస్తే సెల్బీకి కోపం రావాల్సింది. రాలేదు. ఇద్దరూ ఒకే మాట పట్టుకుని వేలాడినవాళ్లు.

"ఎవరెవరికి చెప్పారు?" అని జడ్జి అడిగింది.

"లయల్ గారికి. మా లియాండర్ కి."

"అంటే పైలట్ కి తెలుసు."

"తెలుసమ్మా."

నాలుగో వరసలో తెల్లజుట్టు ఆవిడ ఒకామె లేచి, మనుషుల మోకాళ్లు తప్పించుకుంటూ బయటికి వెళ్లిపోయింది. బడిపంతులు అక్కగారని సెల్బీకి తెలుసు. ఆయన చెవులు ఆమె వేసిన తలుపు చప్పుడు వైపే ఉండగా వకీలు, "మీరు చెప్పారు సరే, ఆయన నమ్మారని ఏమిటి రుజువు?" అన్నాడు.

"అది చెప్పే హక్కు నాది కాదు."

"అంటే రుజువు లేదు."

"ఉందండీ" అంది వెర్నా.

కూర్చున్నచోటే లేచి నిలబడింది. వకీలు అభ్యంతరం చెప్పబోతే జడ్జి చెయ్యెత్తింది. "నేను లియాండర్ భార్యని. అయిదో సీటు నాది. ఆయన నన్ను దించేశాడు" అంది. "మిగతావాళ్లని దించలేదు."

అంతే చెప్పి కూర్చుంది. జడ్జి కలం తీసుకుని రాసుకుంది.

మధ్యాహ్నం విరామంలో సెల్బీ బయట మెట్ల మీదికి వచ్చాడు. సన్నని తుంపర. తెల్లజుట్టు ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని ఉంది. కోటు లోపలే వదిలేసింది. ఆయన తన కోటు తీసి ఆమె పక్కన పెట్టాడు, భుజాల మీద కప్పే చనువు తనకి లేదనిపించి. ఆమె దాన్ని తీసుకోలేదు. తోసెయ్యనూ లేదు.

"ఆ రోజు నీకు నమస్కారం చెప్పాడా మా తమ్ముడు?" అని అడిగింది కాసేపటికి. "రేవులో. వాడు అందరికీ చెబుతాడు."

"చెప్పాడమ్మా. శనివారం. కొత్త టోపీ పెట్టుకున్నాడు."

"నేనే అల్లాను." ఆమె తడిసిన చేతులు ఒడిలో పెట్టుకుంది. "ఆ మోకు గురించి చెప్పావు కదా. తెగేటప్పుడు... వాడికి తెలిసి ఉంటుందా? ఎంతసేపు తెలిసి ఉంటుంది?"

సెల్బీ నోట్లోకి మాట రానే వచ్చింది. లేదమ్మా, ఏమీ తెలియదు, కన్ను మూసి తెరిచేలోగా అయిపోయుంటుంది. ఎవరైనా అనే మాటే. బహుశా నిజం కూడా. కానీ పదిహేడు వందల మీటర్ల దాకా ఆ గొట్టంలో ఏమేం వినపడి ఉంటాయో ఆయన ఎరగడు. ఆమె ఆయన మొహంలోకి చూస్తోంది. షెడ్డులో ఆ మే నెల పూట అందరూ చూసినట్టే, ఏదో ఒకటి చెప్పమన్నట్టు.

"నాకు తెలియదమ్మా" అన్నాడు. "తెలియనిది ఇక నేను చెప్పను. తెలిసిన మనిషి లోపల ఉంది. పిలుచుకు రానా?"

ఆమె కొంచెం ఆలోచించింది. తల ఊపింది.

మైరా లోపల గోడ దగ్గర నిలబడి తను తెచ్చుకున్న రొట్టె తింటోంది. విషయం చెప్పగానే చేతులు తుడుచుకుని వచ్చేసింది. తడిమెట్టు మీద ఆవిడ పక్కన కూర్చుంది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పమంటారా అండీ?"

"చెప్పు" అంది ఆవిడ.

సెల్బీ ఇద్దరినీ వదిలి, వెర్నా కారు పెట్టిన వైపు నడిచాడు. సగం దూరం వెళ్లి ఒక్కసారి వెనక్కి చూశాడు. మైరా చేతులతో ఏదో చూపిస్తూ నెమ్మదిగా చెబుతోంది. ఆవిడ వింటోంది. ఆయన కోటు ఇప్పుడు ఆమె ఒళ్లో ఉంది.